అన్యభాషగా ఆంగ్లబోధన: బోధకునకు వ్యాకరణాధ్యయనావశ్యకత

శాస్త్రారంభమున విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను నాలుగు అనుబంధములను నిరూపించుట పెద్దల సంప్రదాయము. ప్రకృతమున విషయము ఆంగ్లభాషా వ్యాకరణము. అధికారి ఆంగ్లము మాతృభాష కాని విద్యార్థులకు దానిని బోధింపబూనిన ఉపాధ్యాయుడు. ప్రయోజనము విద్యార్థి సందేహమునకు సహేతుకమైన సమాధానము చెప్పగలుగుట. సంబంధము ప్రతిపాద్య ప్రతిపాదక భావమని తెలిసినదే. ఈ నాలుగింటిలో అధికారి విషయముననే నేడు ఎక్కువ అనాదరము కనబడుచున్నది. వ్యాకరణము విద్యార్థికి అవసరమా కాదా అని వాదోపవాదములు విస్తారముగా జరిగినవి. బోధకునకు అవసరమా అను ప్రశ్న మాత్రము మరుగున పడినది.

ప్రాచ్యకళాశాలలలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాముఖ్యము గలదు. ఒక సుబంతరూపమును సూత్రపురస్సరముగా సాధింపగల విద్యార్థి ఆంగ్లపత్రమున తడబడుట అరుదు కాదు. అతడు బుద్ధిహీనుడు కాడు. ఏ కార్యమునకైనను నిమిత్తమేమి అని అడుగుట అతనికి చిన్ననాటి నుండి అభ్యాసము. "ఇచట 'ది' ఏల వచ్చినది? అచట ఏల రాలేదు?" అని అతడడిగినపుడు "వారట్లే అందురు" అను సమాధానమే లభించిన యెడల, ఆంగ్లము నియమరహితమైన భాష యని భావించి అతడు అడుగుట మానును. అడుగుట మానిన విద్యార్థి కంఠస్థము చేయును. కంఠస్థము చేసినది పరీక్షతో పోవును. ఆ పత్రమొక్కటి తప్పిన కారణమున పట్టము ఆగిపోవుటయు, పట్టము ఆగిన కారణమున జీవిక సన్నగిల్లుటయు ఈ విద్యాలయములలో తెలియని వారు లేరు.

పూర్వపక్షము

శిశువు మాతృభాషను వ్యాకరణముతో నేర్చుకొనదు. ఘటము కావలసినవాడు కుమ్మరి ఇంటికి పోవును గాని, శబ్దము కావలసినవాడు వైయాకరణుని ఇంటికి పోయి "నాకు శబ్దములు చేసి యిమ్ము" అని యడుగడని పతంజలి మహర్షియే మహాభాష్యమున చమత్కరించెను. ఆధునికులలోను ఈ మతమునకు బలమైన సమర్థకులు గలరు. అమెరికా దేశీయుడైన స్టీఫెన్ క్రాషెన్ అప్రయత్నముగా అలవడు భాషకును, నియమపూర్వకముగా నేర్చిన భాషకును భేదము చెప్పి, ధారాళమైన వాగ్వ్యవహారమునకు మొదటిదే మూలమని ప్రతిపాదించెను. మన దేశమున ఎన్.ఎస్. ప్రభు 1979 నుండి 1984 వరకు నడిపిన బెంగుళూరు ప్రయోగము ఇట్టిదే. విద్యార్థి దృష్టి అర్థముపై నిలిచి యొక కార్యమును నెరవేర్చుచున్నపుడు భాషావ్యవస్థ అతనిలో తానుగా రూపొందునని ఆ ప్రయోగమునకు ఆధారమైన భావన. కావున వ్యాకరణము అనావశ్యకమని పూర్వపక్షి నిర్ణయము.

సిద్ధాంతము

ఈ వాదములన్నియు విద్యార్థి విషయమున చెప్పబడినవే గాని బోధకుని విషయమున గావు. రోగికి ఔషధము చాలును. వైద్యునకు నిదానము కావలయును. విద్యార్థికి వ్యాకరణమును ప్రత్యక్షముగా బోధింపరాదని అంగీకరించినను, ఏ వాక్యము ముందు, ఏ వాక్యము తరువాత వినిపింపవలెనో, ఏ దోషము దేనివలన పుట్టినదో నిర్ణయించుటకు బోధకునకు వ్యాకరణజ్ఞానము తప్పదు. నియమమును దాచి బోధించువాడు నియమమును మరింత స్పష్టముగా ఎరిగి యుండవలెను.

రెండవది, శిశువు దృష్టాంతము ఇచట పూర్తిగా పొసగదు. శిశువు మేల్కొన్నది మొదలు నిద్రించువరకు తల్లిభాషను వినుచుండును. తరగతిగదిలో విద్యార్థికి లభించునది దినమునకు ఒక గంట. బృహస్పతి ఇంద్రునకు వేయి దివ్యసంవత్సరములు ఒక్కొక్క శబ్దమును విడివిడిగా చెప్పియు శబ్దరాశి అంతమును పొందలేదని భాష్యకారుడు చెప్పినది ఇందులకే. వక్త బృహస్పతి, శ్రోత ఇంద్రుడు, కాలము అపరిమితము; అయినను ప్రతిపదపాఠము సాగలేదు. కావుననే సామాన్యశాస్త్రము, విశేషశాస్త్రము అను ఉపాయము కావలసివచ్చినది. వ్యాకరణాధ్యయనమునకు భాష్యకారుడు చెప్పిన రక్ష, ఊహ, ఆగమము, లఘువు, అసందేహము అను ప్రయోజనములలో కడపటి రెండును, అనగా లాఘవము, సందేహనివృత్తి, ఆంగ్లబోధకునకు యథాతథముగా వర్తించును.

స్వజనులకొక వ్యాకరణము, పరులకొక వ్యాకరణము

భాషను పుట్టుకతో ఎరిగినవానికి వ్రాయు వ్యాకరణమును, ఎరుగనివానికి వ్రాయు వ్యాకరణమును స్వభావముచే భిన్నములు. 1762లో రాబర్ట్ లౌత్, 1795లో లిండ్లీ మర్రే రచించిన ఆంగ్లవ్యాకరణములు మొదటి తెగవి. ఆంగ్లేయులు తమ భాషను శిష్టసమ్మతముగా వ్రాయవలెనను ఉద్దేశముతో అవి పుట్టినవి. రెండవ తెగకు పూర్వోదాహరణము జాన్ వాలిస్ 1653లో విదేశీయులను దృష్టియందుంచుకొని లాటిన్ భాషలో వ్రాసిన ఆంగ్లవ్యాకరణము. ఇరువదవ శతాబ్దమున హెరాల్డ్ పామర్, ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్ దేశమున బోధన చేయుచు ఈ మార్గమును విశాలమొనర్చిరి. ఏ క్రియాపదము ఏ వాక్యనిర్మాణమున చేరునో చూపుచు హార్న్‌బీ ప్రభృతులు కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడినది. ఆంగ్లేయునకు అట్టి సమాచారము అక్కరలేదు. జపాను విద్యార్థి తప్పులు చూచినవానికే దాని అవసరము తోచును.

ఈ భేదమును తెలుగువారు తమ భాష యందే చూడవచ్చును. ఎ.డి. కాంబెల్ 1816లోను, సి.పి. బ్రౌను 1840లోను తెలుగు వ్యాకరణములను ఆంగ్లమున ప్రకటించిరి. "మేము", "మనము" అను రెంటికిని భేదమేమని తెలుగుబాలుని ఎవరును అడుగరు, అతనికి ఎవరును చెప్పరు. వినుచున్నవానిని కలుపుకొనునది మనము, కలుపుకొననిది మేము అని పరభాషీయునకు మొట్టమొదట చెప్పవలసియున్నది. అట్లే ఆంగ్లేయునకు ఎవరును చెప్పనక్కరలేని విషయములే తెలుగు విద్యార్థికి మొదట చెప్పవలసినవి. అవి ఏవియో ఆంగ్లేయుడు చెప్పుట కష్టము. రెండు భాషల నడుమ నిలిచిన బోధకుడే చెప్పగలడు. ఇందు కొన్ని ముఖ్యస్థలములు విచారింపదగియున్నవి.

వర్తమానము, తద్ధర్మము

"ఐ యామ్ కమింగ్ డైలీ" అని తెలుగు విద్యార్థి వ్రాయును. "రోజూ వస్తున్నాను" అను వాక్యమునకు అది అనువాదము. దోషమునకు మూలము విద్యార్థి యందు కంటె పారిభాషికపదము నందు ఎక్కువగా నున్నది. "సింపుల్ ప్రెజెంట్" అను పేరును "సామాన్య వర్తమానము" అని అనువదించి బోధించుటచే, జరుగుచున్న క్రియకు అది వాడదగినదని విద్యార్థి భ్రమించును.

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున భూత, భవిష్యత్, వర్తమానములతో పాటు తద్ధర్మమును వేరుగా చెప్పెను. "సూర్యుడు తూర్పున ఉదయించును" అనునది తద్ధర్మము. స్వభావమును, అభ్యాసమును, సర్వకాలసాధారణమైన విషయమును అది తెలుపును. "సూర్యుడు ఉదయించుచున్నాడు" అనునది వర్తమానము. ఆంగ్లమున "ది సన్ రైజెస్" అనునది మొదటిదానికి, "ది సన్ ఈజ్ రైజింగ్" అనునది రెండవదానికి ప్రాయికముగా సరిపోవును. సింపుల్ ప్రెజెంట్ అనునది పేరునకు వర్తమానమే గాని ప్రధానవృత్తిచే తద్ధర్మమని ఒక్కమాట చెప్పిన, ప్రాచ్యవిద్యార్థికి సగము సందేహము తీరును.

ఇచట సంస్కృతము కంటె తెలుగే అధికోపకారకము. "పచతి" అను లట్ రూపము వండును, వండుచున్నాడు అను రెండర్థములను ఇచ్చును. పర్వతములు నిలుచుట, నదులు ప్రవహించుట వంటి నిత్యప్రవృత్తుల యందు వర్తమానప్రత్యయమెట్లు పొసగునని మహాభాష్యమున చర్చ జరుగుటకు ఇదియే కారణము. అయితే నేటి వాడుకలో ఒక చిక్కు గలదు. "వస్తాడు" అను రూపము "రోజూ వస్తాడు" అన్నచోట తద్ధర్మము, "రేపు వస్తాడు" అన్నచోట భవిష్యత్తు. వ్యవహారమున రెండును ఏకరూపమును పొందుటచే "హి విల్ కమ్" అనవలసినచోట "హి కమ్స్" అని విద్యార్థి వ్రాయును. ఈ దోషమును దిద్దువాడు తెలుగు క్రియయొక్క ఈ ద్వైధమును ఎరుగనిచో దిద్దియు ప్రయోజనము లేదు.

"ఐ యామ్ నోయింగ్" అనునది మరియొక దోషము. దీనికి కారణము శాస్త్రమున సిద్ధముగా నున్నది. ప్రారంభింపబడి పరిసమాప్తి నొందని క్రియకు ఆశ్రయమైన కాలము వర్తమానమని శాస్త్రకారుల నిర్వచనము. క్రియ యనగా క్రమముగల అవయవముల సమూహమని భర్తృహరి వాక్యపదీయమున నిరూపించెను. వండుట యందు పొయ్యి వెలిగించుట మొదలు దించుట వరకు క్రమము గలదు. ఎరుగుట, కలిగియుండుట మున్నగువానియందు అట్టి క్రమము లేదు, అవి స్థితులు. క్రమము లేనిచోట "ఇంగ్" రూపముతో కూడిన వర్తమానము సాధారణముగా చేరదు. ఇది ఉత్సర్గము. అదే ధాతువు అర్థాంతరమున వ్యాపారమును తెలిపినపుడు చేరును. "హావింగ్ టూ బ్రదర్స్" అనరాదు గాని "హావింగ్ లంచ్" అనవచ్చును. భుజించుట వ్యాపారము గనుక అది అపవాదము. పట్టికను వల్లెవేయుట కంటె ఈ ఉత్సర్గాపవాద వివేకము లఘువు.

ఉక్తార్థమును మరల చెప్పరాదను న్యాయము

"డిడ్ యు కేమ్", "డజ్ హి గోస్", "మోర్ బెటర్" అను దోషములు చూచుటకు వేరు వేరు. మూలమొక్కటే. ఒక శబ్దముచే చెప్పబడిన అర్థమును మరియొక శబ్దముచే మరల చెప్పరాదని మన శాస్త్రములలో ప్రసిద్ధమైన న్యాయము గలదు. కర్మ ప్రత్యయముచే ఉక్తమైనపుడు ద్వితీయ రాకపోవుట ఈ మార్గముననే. "డిడ్" అను పదము భూతకాలమును చెప్పివేసినది; కావున "కమ్" అను మూలరూపమే మిగులును. "డజ్" అనునది ఏకవచన ప్రథమపురుషను చెప్పినది. కావున "గో" యందు "స్" చేరదు. "బెటర్" అను రూపముననే అతిశయము ఉక్తము; "మోర్" పునరుక్తము. మూడు నియమములు ఒక న్యాయమున ఇమిడినవి. కర్మణిప్రయోగమును సాధించిన విద్యార్థికి ఇది క్షణమున గ్రాహ్యము. ఆ సంస్కారమును ఉపయోగింపక అతనిచే మూడు వేరు పట్టికలను వల్లెవేయించుట ఉన్న ధనమును విడిచి అప్పు చేయుట వంటిది.

"ఏ", "ఆన్", "ది"

తెలుగున గాని సంస్కృతమున గాని ఆంగ్లమునందువలె నియతమైన ఈ నిర్దేశకపదములు లేవు. కావున ఇచట సామ్యముచే బోధించుట సాధ్యము కాదు. అయినను ఉపాయములు గలవు. "ఏ", "ఆన్" భేదము అక్షరమును బట్టి గాక ధ్వనిని బట్టి యుండును. "అవర్" అను పదమున ఆద్యక్షరము పలుకబడదు గనుక "ఆన్ అవర్". "యూనివర్సిటీ" యకారధ్వనితో మొదలగును గనుక "ఏ యూనివర్సిటీ". అచ్చు పరమైనపుడు నకారము నిలుచుట, హల్లు పరమైనపుడు లోపించుట నఞ్‌సమాసము నెరిగినవానికి క్రొత్త గాదు. అధర్మము, అనాచారము అనుచోట్ల చూచునదే. ప్రక్రియ వేరైనను ఫలితము సమానము. "ఏ"కు మూలము ప్రాచీనాంగ్లమున ఒకటి అను అర్థముగల "ఆన్" శబ్దమే. ఈ నకారము పదమునకు చెందినదా, పరపదమునకు చెందినదా అను సందేహమున ఆంగ్లేయులే పొరబడిరి. వంటవారు కట్టుకొను వస్త్రమునకు పూర్వము "నాప్రన్" అని పేరు. "ఏ నాప్రన్" అనుదానిని "ఆన్ ఆప్రన్" అని విడదీయుటచే నేటి "ఏప్రన్" ఏర్పడినది. పదచ్ఛేదదోషమే కాలక్రమమున సాధుశబ్దమైనది.

"ది" విషయమున బోధకుడు అర్థమును ఆశ్రయింపవలెను. వక్త చెప్పు వస్తువు ఏదియో శ్రోత గుర్తింపగలడని వక్త తలచినపుడు "ది" వచ్చును. "ఒక రాజు గలడు, ఆ రాజునకు..." అని కథ చెప్పునపుడు తెలుగున "ఒక", "ఆ" వచ్చుట దీనికి సోపానము. అయితే సూర్యచంద్రులకు "ఆ" అక్కరలేదు, ఆంగ్లమున "ది" కావలయును. ఎంతవరకు సామ్యమో, ఎచట అది తెగునో రెండును చెప్పుట బోధకుని ధర్మము.

కర్త, విభక్తి, పదక్రమము

"రాముడు రావణుని చంపెను", "రావణుని రాముడు చంపెను" అను వాక్యములకు అర్థభేదము లేదు. ఆంగ్లమున "రామ కిల్డ్ రావణ" అనుదానిలో పదములు తారుమారైన రామాయణమే తారుమారగును. ప్రాచీనాంగ్లమున నామములకు విభక్తిరూపములు ఉండెడివి. అవి చాలవరకు నశించుటచే వాని కార్యము స్థానమునకు సంక్రమించినది. "హి", "హిమ్" వంటి సర్వనామరూపములు ఆ పూర్వస్థితికి మిగిలిన ఆనవాళ్లు. విభక్తి చేయు పనిని స్థానము చేయుచున్నదని తెలిసిన విద్యార్థికి పదక్రమము ఆంగ్లేయుల ఇచ్ఛగా గాక అర్థనిర్ణయసాధనముగా కనబడును.

"నాకు నచ్చినది" అను తెలుగు చతుర్థి ఆంగ్లమున "ఐ లైక్" అని ప్రథమగా మారుట విద్యార్థికి వింతగా తోచును. రుచ్యర్థకధాతువుల యోగమున ప్రీతినొందువానికి సంప్రదానసంజ్ఞ వచ్చుట సంస్కృతజ్ఞులకు తెలిసినదే. ఆంగ్లముకూడ పూర్వమిట్లే యుండెను. "లైక్" ధాతువునకు ప్రాచీనార్థము ప్రీతి కలిగించుట. ప్రీతినొందువాడు చతుర్థిలో నుండెడివాడు. "నాకు తోచుచున్నది" అను అర్థమున వాడబడిన "మీథింక్స్" అను పాతపదమున ఆ చతుర్థి నేటికిని కనబడును. భాష మారినదని చెప్పగలిగిన, విద్యార్థి తన భాష వక్రమనియు భ్రమింపడు, పరభాష అసంగతమనియు భ్రమింపడు.

ఉపపదవిభక్తుల వంటి స్థలములలో సామ్యము పనికిరాదు. "విషయమును గూర్చి చర్చించిరి" అను వాక్యమును బట్టి విద్యార్థి "డిస్కస్డ్ అబౌట్" అని వ్రాయును. ఆంగ్లమున ఆ ధాతువు సకర్మకము. విషయము సాక్షాత్తుగా కర్మ. "నమః" శబ్దయోగమున చతుర్థి యేల యని యడుగక అభ్యసించినట్లే ఇట్టివి ప్రయోగమును బట్టి అభ్యసింపవలసినవి. కారణమున్నచోట కారణము, లేనిచోట ప్రయోగమే శరణమని నిష్కపటముగా చెప్పవలెను. ప్రతిదానికి కారణము కల్పించుట "వారట్లే అందురు" అనుట కంటె తక్కువ దోషము కాదు.

లక్ష్యము ప్రధానము

వ్యాకరణపక్షపాతులకు ఒక హెచ్చరిక మహాభాష్యముననే గలదు. ఒక వైయాకరణుడు రథము నడుపువానిని గూర్చి "ప్రవేత" అను శబ్దమును వాడగా, సూతుడు "ప్రాజిత" అని బదులు చెప్పెను. అది అపశబ్దమని వైయాకరణుడు ఆక్షేపింపగా, నీవు సూత్రప్రాప్తిని ఎరుగుదువు గాని శిష్టుల ఇష్టిని ఎరుగవని సూతుడు అతనిని నిరుత్తరుని చేసెను. లక్షణము లక్ష్యమును అనుసరించును. ఆంగ్లబోధకుడు పాతపుస్తకములందలి నిషేధములనే పట్టుకొని, నేటి విద్యావంతుల ప్రయోగమును చూడకున్న ఆ వైయాకరణుని స్థానముననే నిలుచును. రాండల్ఫ్ క్వర్క్ ప్రభృతులు 1985లో ప్రకటించిన బృహద్వ్యాకరణము ప్రయోగపరిశీలనముపై ఆధారపడినది గనుక బోధకునకు ఆకరగ్రంథముగా ఉపయోగించును. హైదరాబాదున 1958లో కేంద్ర ఆంగ్లసంస్థగా స్థాపింపబడి, 2007 నుండి ఆంగ్ల మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయముగా నున్న సంస్థ బోధకుల శిక్షణమునకే పుట్టినది. తెలుగునాట ఇట్టి అధ్యయనమునకు సాధనములు లేవనుటకు వీలులేదు.

గ్రంథములకు తోడు ప్రతి బోధకునకు తన చేతనే మరియొక ఆకరము గలదు. అది విద్యార్థుల ఉత్తరపత్రములలోని దోషసముదాయము. ఒక సంవత్సరకాలము దోషములను వ్రాసికొని, ఇది తెలుగు నుండి వచ్చినది, ఇది సంస్కృతము నుండి వచ్చినది, ఇది ఆంగ్లమునందలి అపవాదమును ఉత్సర్గముగా గ్రహించుటచే వచ్చినది అని వర్గీకరించిన యెడల, ఆ తరగతికి కావలసిన వ్యాకరణమెంతయో తెలియును. అంతయే విద్యార్థికి ఈయవలెను. శేషము బోధకుని యందు నిలిచి, ఉదాహరణల ఎన్నికలోను, పాఠక్రమములోను వ్యక్తము కావలెను. నియమము చెప్పిన పిమ్మట సంభాషణాభ్యాసము లేకున్న అదియు వ్యర్థమే. ప్రక్రియ నెరిగి పలుకలేనివాడు ఏ భాషలోను పండితుడనిపించుకొనడు.

కావున నిగమనమిది. వ్యాకరణము విద్యార్థికి మితముగాను, బోధకునకు సమగ్రముగాను ఆవశ్యకము. ప్రాచ్యవిద్యార్థి ఆంగ్లమునకు అనర్హుడను లోకాపవాదము తలక్రిందులైనది. వ్యాకరణమననేమో, ఉత్సర్గాపవాదములననేమో, ఉక్తానుక్తవివేకమేమో ఎరిగి తరగతికి వచ్చువాడు అతడొక్కడే. అతడు కారణమడుగును. కారణము చెప్పగల బోధకుడు ఎదుట నున్నచో ఆ పత్రము అతనికి అడ్డుగోడ కాదు, మరియొక శాస్త్రమగును.